పూత రాల్చిందెవరు

డిసెంబరు ఏడో తేదీ, ఆదివారం. ఆ పొద్దు మా ఇంట్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. తేదీ గుర్తుండడానికి కారణం పండగా కాదు, పెళ్ళీ కాదు. ఆ రోజు నేను ముట్టయి ఉండి పొయ్యి వెలిగించాను. బొరుగులు నానబెట్టి పిండింది నేను. పుట్నాలపొడి కలిపింది నేను. మా చేలో కోసిన పచ్చిమిరపకాయలకు నిలువునా గాట్లు పెట్టి శెనగపిండిలో ముంచింది నేను. మా అత్త తిప్పమ్మ రెండోసారి అడిగి పెట్టించుకుంది. "ఈ పొద్దు ఉప్పూకారం బాగ కుదిరినాయి మే" అని కూడా అంది. పదహారేళ్ళ కాపురంలో ఆమె నా వంటను మెచ్చుకున్న రోజులు ఎన్నో లేవు. అందుకే మరచిపోలేదు.

మా ఊరు ఆలూరు నుంచి హొళగుందకు పోయే దారిలో ఉంది. బోరు కింద మాకు మూడెకరాల మిరప. ఇక్కడ ఒక కట్టడి ఉంది: దూరమున్న ఆడది మిరప చేలో కాలు పెట్టకూడదు. దూరమంటే నెలసరి. పెడితే పూత రాలుతుందంటారు, కాయ పుచ్చుతుందంటారు. పత్తికి ఈ పట్టింపు లేదు, జొన్నకు లేదు. మిరపకే ఎందుకో ఎవరికీ తెలియదు. కలుపుకైనా కోతకైనా కూలి ఆడవాళ్ళు రాగానే మా అత్త గట్టు మీద కూర్చుని ఒక్కొక్కరినీ అడుగుతుంది. "దూరముండావా?" "లేదవ్వా." "నువ్వు?" "లేదు." ఉన్నానన్నామె ఆ రోజు కూలి వదులుకుని ఇంటిదారి పట్టాలి. ఇన్నేళ్ళలో ఉన్నానన్న ఆడది ఒక్కతీ లేదు. అంతమంది ఆడవాళ్ళలో ఏ రోజూ ఎవరికీ నెలసరి రాని గట్టు మాది. మా అత్తకు అది వింతగా తోచనే లేదు.

నేను కూలిమనిషిని కాదు, కోడలిని. నాకు దాచుకునే వీలు లేదు. నాకు దొడ్లో కొట్టం ఉంది. పైన రేకులు, కింద మట్టినేల, ఒక పక్క ఎరువు బస్తాలు, పాత పైపుచుట్టలు, ఎలుకలు. అక్కడ నాకొక చాప, ఒక సొట్ట తట్ట, ఒక గ్లాసు. ఆ మూడు రోజులూ గడప దాటి ఇంట్లోకి రాకూడదు గానీ ఎనుముల కింద పేడ తీయవచ్చు, ఇంటిల్లిపాది బట్టలు ఉతకవచ్చు, పత్తి చేనికి పోయి సాయంత్రం దాకా పత్తి తీయవచ్చు. మైల నాకే, నా పనికి అంటదు. పెళ్ళయిన మొదటి నెలలోనే ఆ కొట్టం చూపించి "సర్దుకో" అన్నాడు మా ఆయన మహేశ్వర్. ఆదోనిలో డిగ్రీ చివరి ఏడాది పరీక్షలు రాస్తానన్నప్పుడు కూడా ఆ మాటే అన్నాడు. "ఇప్పుడెందుకు ఆ పరీక్షలు? సర్దుకో." అరిచి అనడు. ఆయన అరిచే మనిషి కాదు. మెత్తగా, అన్నంలో నెయ్యి కలిపినంత మెత్తగా అంటాడు.

ఆ ఆదివారం తెల్లవారుజామున నాకు నెలసరి వచ్చింది. దొడ్లో ఉన్న ఆయన దగ్గరకు పోయి చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. ఆ రోజు మిరపకు మందు కొట్టాలి. డ్రమ్ములో మందు కలిపి మోటరు పెట్టి కొడతాడు. ఆయన ముందు చిమ్ముతూ పోతుంటే వెనక బరువైన పైపు చెట్ల మీద పడకుండా ఎత్తి లాగడానికి ఒక మనిషి కావాలి. మామూలుగా కూలివాళ్ళ పెద్ద సారమ్మ ఎవరినైనా పంపుతుంది. ఆదివారం ఆ గుంపంతా చర్చికి పోతారు.

"మాయమ్మకు చెప్పొద్దు" అన్నాడు. "ఏమీ కానట్టు వంట చేసి రా. ఒక్క పూటే కదా, పైపు పట్టుకో. రేపు పొద్దున్నే కొట్టంలోకి పోదువులే."

"పూత రాలదా మరి?" అన్నాను.

నవ్వాడు. "అవన్నీ ముసలోళ్ళ మాటలు."

పదహారేళ్ళలో మొదటిసారి ఆ మాట విన్నాను, అది కూడా ఆయనకు మనిషి కావలసి వచ్చినప్పుడు. ముసలోళ్ళ మాటలని తెలిసి కూడా నన్ను ఎండాకాలాల్లో ఆ రేకుల కింద పడుకోబెట్టాడన్నమాట. ఆ రోజంతా పైపు లాగాను. నడుము పీకుతోంది, తొడలు ఒరుసుకుపోయి మండుతున్నాయి, గాలి మా వైపు తిరిగినప్పుడల్లా మందు ముఖం మీద పడుతోంది. మధ్యలో ఆయన ఆగి, తన భుజం మీది తువ్వాలు తీసి నా ముక్కుకు కట్టాడు. నిజం చెప్పాలి కదా, ఆ చేతులు మెత్తగానే ఉన్నాయి. ఆ మెత్తదనం కూడా మూడో కంటికి తెలియకూడనిదే.

మధ్యాహ్నం మా కూతురు పుష్ప సద్ది తెచ్చింది. తొమ్మిదో తరగతి. ఈ ఉగాది దాటినాక పెద్దమనిషైంది. ఊరికే ఉండే పిల్ల కాదు. మందు ఆరిన చెట్టు నుంచి ఒక పువ్వు తెంపి అరచేతిలో తట్టింది. నల్లటి చుక్కలు, ఆవగింజలో సగం కూడా లేనివి, అరచేతి గీతల వెంట పరుగెత్తాయి.

"నాయనా, ఇది నువ్వు మందు కొట్టిన చెట్టుదే. ఇవి సావలేదు సూడు."

"ఘాటు చాల్లేదు పాపా. ఈసారి ఇంకొకటి కలపాల."

కలిపాడు. ఆ వారంలోనే మళ్ళీ కొట్టాడు. ఆ తర్వాతి వారానికి పూత రాలడం మొదలైంది. పొద్దున పోయి చూస్తే సాళ్ళ మధ్య నేల తెల్లగా ఉండేది. నిలిచిన పిందెలు గోధుమరంగు తిరిగి, వంకర్లు పోయి ఉండేవి.

మా అత్త గట్టు మీద కూర్చుని తేల్చేసింది. "ఎవురో ముట్టుతో చేను తొక్కినారు. లేకుంటే నిలబడిన పూత ఇట్ల రాలతాదా?"

"మా గుంపులో ఎవురూ లేరవ్వా, యేసయ్య తోడు" అంది సారమ్మ.

"మీ యేసయ్య చేనికాడికి రాడులే. ఆదివారమైతే మిమ్మల్నే ఆడికి పిల్చుకుంటాడు" అని కసిరి, మా అత్త వేళ్ళు మడిచింది. "నేను గట్టు మీద లేనిది ఆ ఆదివారమొకటే. ఆ పొద్దు ఎవురొచ్చినారు చేనికి? నా కొడుకు. నా కోడలు. ఇది ఆ పొద్దు పొయ్యి ముట్టించి ఉగ్గాని చేసింది, నేనే తింటిని. సోమవారం కదా కొట్టంలోకి పోయింది. ఇంక యెవురు మిగిలినారు?"

అందరూ పుష్ప వైపు చూశారు.

"నాకు ఆ పొద్దు రాలేదవ్వా" అంది పిల్ల.

"నీకు లెక్క తెలుస్తాదా? నిన్నగాక మొన్న అయినదానివి. అయినా దాచిపెట్టినావు." శిక్ష కూడా అక్కడే చెప్పేసింది. శుక్రవారం పొద్దున పుష్ప పసుపునీళ్ళ చెంబు పట్టుకుని చేను చుట్టూ పోసి, గట్టుకు మొక్కి, అందరి ముందర "తప్పైంది" అనాలి. ఇన్నాళ్ళూ చిన్నదని వసారాలో పడుకోనిచ్చి బడికి పంపేవాళ్ళం. ఇకమీదట నెలనెలా మూడు రోజులూ ఆ పిల్లకూ కొట్టమే, బడి లేదు. మా ఆయన కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఒక కాలు కడిగాడు, ఇంకో కాలు కడిగాడు, మళ్ళీ మొదటి కాలు కడిగాడు.

బుధవారం రైతు సేవా కేంద్రం నుంచి అంజలి అనే అమ్మాయి వచ్చింది. వ్యవసాయం చదివింది, ఎమ్మిగనూరు పిల్ల. మా ఆయనే పిలిపించాడు. స్కూటీ దిగి చేలోకి అడుగు వేయబోతుంటే మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏం మా, దూరముండావా?"

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. మా ఆయన చూపు ఫోనులోకి తిప్పుకున్నాడు. "లేదవ్వా" అంది అంజలి, ఒక్క క్షణం ఆలస్యంగా. చేలోకి పోయి నాలుగు చోట్ల పువ్వులు తట్టి చూసింది.

"అన్నా, ఇది మన పాత తామరపురుగు కాదు. వేరే దేశం నుంచి వచ్చిన నల్ల తామర. పాతది ఎక్కువగా ఆకుల మీద బతికేది. ఇది పువ్వు లోపల దూరి కూర్చుంటాది, మీరు పైన కొట్టే మందు సరిగ్గా తగలదు. మునుపు ఈ నెలలో చలికి పురుగు నెమ్మదిగా పెరిగేది. ఇప్పుడు రాత్రిపూట కూడా వెచ్చగానే ఉండాది కదా, తొందర తొందరగా పిల్లలు పెడతాంది. మీ మందుకు దీన్ని తినే అక్షింతల పురుగులు, సాలీళ్ళు సచ్చినాయి. తట్టుకున్న పురుగు బతికింది. దాని పిల్లలు ఇంకా తట్టుకుంటాయి. ఆ మందులు ఆపండన్నా. నీలం రంగు జిగురు అట్టలు కట్టండి. వేపనూనె వీపు పంపుతో మీరొక్కరే కొట్టుకోవచ్చు. ఉన్న పూతలో కొంతైనా నిలుస్తాది."

"అట్లనే మా" అన్నాడు ఆయన. ఆమె అటు తిరగగానే ఆలూరు మందుల అంగడాయనకు ఫోను చేసి ఆదివారానికి కొత్త మందు చెప్పుకున్నాడు.

వెళ్ళేముందు అంజలి నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది. "అక్కా, బాత్రూము ఉండాదా? నాకు రెండో రోజు. పొద్దున ఇంట్లో బయల్దేరినాను, ఇప్పటికి మూడూర్లు తిరిగినా."

ఇంటికి తీసుకుపోయాను. నీళ్ళు కాచి ఇచ్చాను. మార్చుకుని వచ్చి కొట్టం గడప మీద కూర్చుని టీ తాగింది. "ఉండానంటే మీ ఊర్లో ఏ మిరప చేలోకీ రానియ్యరక్కా. నెలకు అన్ని రోజులు ఎగ్గొడితే నా ఉద్యోగమేం గాను? లేదనే చెప్తాను. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండుతాది." తర్వాత కొట్టం లోపలికి తొంగిచూసి, "ఇది ఎవరిదక్కా?" అని అడిగింది. నాదన్నాను. పోతూ పోతూ గ్లాసు తనే కడిగి బోర్లించింది. ఈ ఇంట్లో నేను కాక ఇంకొకరు గ్లాసు కడగడం చూసి ఎన్నాళ్ళయిందో!

ఆమె పోయాక ఎనుములకు మేత వేస్తూ ఆ పురుగు గురించే ఆలోచించాను. ఎక్కడో సముద్రాల అవతల పుట్టింది. ఎవరి మూటలోనో, ఏ మొక్క వేరులోనో వచ్చింది. నాలుగైదేళ్ళలో మా పువ్వులో ఇల్లు కట్టుకుంది, మా వేడిని తన వేడి చేసుకుంది, మా మందును తాగి అరిగించుకుంది, పాత పురుగును పక్కకు తోసింది. దాన్ని చూసి అందరూ నోరు వెళ్ళబెడుతున్నారు, అబ్బా ఎట్లా సర్దుకుందో అని! నేను నలభై కిలోమీటర్లు కూడా లేని ఆదోని నుంచి వచ్చాను. పదహారేళ్ళయినా మా అత్త నోట నేనింకా "ఆదోనిదే". నన్ను కూడా సర్దుకొమ్మన్నారు. పురుగుకు సర్దుకోవడమంటే ఉన్నచోటును తనది చేసుకోవడం. నాకు సర్దుకోవడమంటే ఉన్నచోటు నాది కాదని ఒప్పుకోవడం. ఎండ ముదిరితే నేనే ఓర్చుకోవాలి, వాన తప్పితే నేనే ఉపవాసాలుండాలి, పురుగు వస్తే నా ఒంట్లోంచే వచ్చిందనాలి. సముద్రం దాటివచ్చిన పురుగుకు కూడా దోవ చూపింది నా కూతురి రక్తమేనా? ఈ ఊళ్ళో మగవాడు ఎన్ని డ్రమ్ముల విషం ఈ నేల మీద పోసినా, "ఏమప్పా, నువ్వేమైనా కలిపినావా?" అని గట్టు మీద కూర్చుని అడిగే ముసలమ్మ ఒక్కతీ లేదేం?

శుక్రవారం పొద్దున, చేనికి బయల్దేరే ముందు మా ఆయన్ను దొడ్లో ఆపాను. "అత్తకు నువ్వే చెప్పు. ఆ పొద్దు పైపు పట్టింది నేనని, నువ్వే పట్టమన్నావని."

"ఇప్పుడెందుకు చెప్పు. మాయమ్మ అన్నం మానేస్తాది. పాప ఒక్క మాట అంటే అయిపోతాది కదా. చిన్నపిల్ల, మర్చిపోతాది. సర్దుకో."

చిన్నపిల్లలు మరచిపోతారా? నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, ఊరగాయ జాడీ ముట్టుకున్నానని మా మేనత్త పదిమంది ముందు చెయ్యి మీద కొట్టింది. ఆ జాడీ మీద మూతకు కట్టిన గుడ్డ రంగు ఇప్పటికీ చెప్పగలను.

గట్టు దగ్గర సారమ్మ గుంపంతా నిలబడి ఉంది. పుష్ప బడి బట్టల్లోనే వచ్చింది. రెండు చేతులతో చెంబు పట్టుకుని ఉంది. నీళ్ళు తొణికి చేతులు పచ్చబడ్డాయి. వాళ్ళ నాన్న వైపు చూసింది. ఆయన మోటరు బోల్టు ఏదో బిగిస్తున్నాడు. నా వైపు చూసింది.

"మా, రాలేదు అని చెప్పినా కదా. ఇప్పుడు అబద్ధం చెప్పాల్నా?"

"చెంబు దించు పాపా" అన్నాను. "అత్తా, ఆ ఆదివారం దూరమున్నది నేను. పాప కాదు. సోమవారం వచ్చిందని నీకు అబద్ధం చెప్పినాను. నీ కొడుకుకు తెలుసు. తెలిసే నాతో పైపు పట్టించినాడు. కావాలంటే అడుగు."

మా అత్త కొడుకు వైపు తిరిగింది. "ఏమిరా మహేశా?"

బోల్టు బిగుసుకున్నా ఆయన తిప్పుతూనే ఉన్నాడు. "ఏమోమా, నాకేం తెలుసు ఆడోళ్ళ సంగతులు" అన్నాడు.

నేను ఆయన్నే చూశాను. ముక్కుకు తువ్వాలు కట్టిన చేతులు అవే.

ఇంతలో మా అత్తకు ఇంకొక సంగతి తట్టింది. కళ్ళు పెద్దవి చేసింది. "అంటే... ఆ పొద్దు ఉగ్గాని?"

"నేనే చేసినాను. బజ్జీలు కూడా. నువ్వు రెండుసార్లు పెట్టించుకున్నావు. ఉప్పూకారం బాగ కుదిరినాయన్నావు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మా అత్త ఒక చెయ్యి నోటికి, ఇంకో చెయ్యి పొట్టకు పోయింది. "అయ్యో నా ఈరన్న సామీ, పన్నెండు రోజులాయె కదరా" అని గొణిగింది. నవ్వు గుంపంతా పాకింది. ఆ నవ్వులో ఎక్కడో నాకు ఆమె మీద కూడా జాలి వేసింది. ఆమె కూడా ఇదే కొట్టంలో పడుకుంది. ఆమె ఉన్నప్పుడు రేకులు కూడా లేవట, బోదగడ్డి కప్పేనట.

"తప్పైందని నేను అనను, నా కూతురూ అనదు" అన్నాను. "పూత రాల్చింది పురుగు. దాన్ని తినే పురుగుల్ని చంపింది మన మందు. నువ్వు గట్టు మీద అడిగినప్పుడు లేదన్నవాళ్ళలో నిజం చెప్పినవాళ్ళు ఎందరో వాళ్ళకే తెలుసు. అంతమంది తొక్కిన ఏండ్లలో కూడా ఈ చేను కాసింది కదత్తా."

నవ్వు ఆగిపోయింది. అందరూ నేల చూశారు. ఎవరూ నేనంటే నేనని ముందుకు రాలేదు. కూలి పోతుందన్న భయం నాకు తెలుసు, వాళ్ళను అనను. సారమ్మ మాత్రం వచ్చి పుష్ప చేతిలోని చెంబు తీసుకుంది. "ఇటియ్యి పాపా, బరువుంది" అని, ఆ పసుపునీళ్ళు గట్టు మీది బంతిచెట్టు మొదట్లో పోసి, తన కొంగుతో పిల్ల చేతులు తుడిచింది. తర్వాత మా అత్త అడగకముందే చేలోకి దిగింది. ఒకరి వెనక ఒకరు మిగిలినవాళ్ళూ దిగారు.

పొద్దుగూకే వేళ ఆయన ఇంటికి వచ్చాడు. "పదిమందిలో నా పరువు తీసినావు. రవ్వంత సర్దుకోని ఉంటే పోయేది" అన్నాడు. తర్వాత మామూలు గొంతుతో, "ఎల్లుండి ఆదివారం. కొత్త మందు తెచ్చినా. పొద్దున్నే పోదాం" అన్నాడు.

"నేను పైపు పట్టను."

"మరెవరు పడతారు?"

"ఎవరూ పట్టరు. ఈ ఆదివారమే కాదు, ఇంక ఎప్పుడూ పట్టను. వేపనూనె వీపు పంపుతో నువ్వొక్కడివే కొట్టుకోవచ్చంట. సారమ్మతో చెప్పినాను, పైపుకు మనిషిని పంపదు. రేపు నీలం అట్టలు కడతాం."

ఆయన మందు డబ్బా వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను పట్టకపోతే ఆ మందు డబ్బాలోనే ఉంటుంది. ఈ మాట నాకు ఇన్నేళ్ళు తట్టలేదు. ఆయనకు అప్పుడే తట్టినట్టుంది.

అప్పుడే పుష్ప దొడ్లోంచి వచ్చి నా చెవి దగ్గర చెప్పింది. "మా, ఇప్పుడొచ్చింది." మెల్లగానే చెప్పింది గానీ మా అత్త ముఖం చూసి కనిపెట్టేసింది. గోడకు ఆనుకుని కూర్చుని, కళ్ళతో దొడ్డి వైపు చూపించింది.

నేను దొడ్లోకి పోయాను. కొట్టంలోంచి చాప తెచ్చి దులిపాను. సొట్ట తట్టను, గ్లాసును కుళాయి కింద తోమి, వంటింట్లో మిగతా తట్టల్లో, గ్లాసుల్లో కలిపేశాను. ఏది ఏదో రేపటికి నాకే తెలియదు. నడిమింట్లో, ఫ్యాను కింద, నా పక్కన పుష్పకు పడక పరిచాను. వేడినీళ్ళ సీసా గుడ్డలో చుట్టి పొట్ట మీద పెట్టాను. పిల్ల లెక్కల పుస్తకం తెరిచింది. మా అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. కాసేపటికి, తిరగకుండానే, తన కాళ్ళ దగ్గరి దుప్పటి ఒకటి పిల్ల వైపు కాలితో జరిపింది.

మళ్ళీ దొడ్లోకి పోయాను. కొట్టం తలుపు ఎప్పుడూ లోపలి నుంచే వేసుకునేదాన్ని. ఆ రాత్రి బయట నిలబడి, చప్పుడు కాకుండా దగ్గరికి వేసి గొళ్ళెం పెట్టాను. లోపల ఎవరూ లేరు.